ఆ లెక్కలో మీ జీతం ఏదీ?

సమస్య



మాది గుంటూరు జిల్లా. పెళ్లయ్యాక అమెరికా వచ్చాను. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చదివాను. ఇక్కడికొచ్చాక నర్సుల లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, హెచ్-4 వీసా పని అనుమతి (ఈఏడీ) మీద ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. పాప ఐదో తరగతి. గ్రీన్‌కార్డు లైన్లో మాది 2016 తేదీ, ఎప్పటికి వస్తుందో దేవుడికే తెలియాలి.

మా ఇంట్లో గొడవంతా ఇంటి గురించే. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకు నెలకు 3,600 డాలర్ల అద్దె కడుతున్నాం. కరెంటు బిల్లు చూస్తే ఏసీ వేయబుద్ధి కాదు. ఇక్కడ ఎప్పుడో కట్టిన మూడు గదుల ఇల్లయినా 15 లక్షల డాలర్లు పలుకుతోంది. మావారి కంపెనీకి డాలస్ దగ్గర కూడా ఆఫీసు ఉంది. అడిగితే ఇదే జీతం మీద అక్కడికి పంపుతారట. ఫ్రిస్కోలో ఆయన స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఇళ్లు కొనేశారు. ఆరున్నర లక్షలకు నాలుగు బెడ్‌రూములు, సినిమా చూసుకోవడానికి ఒక గది, విడిగా పూజగది. ఒక గృహప్రవేశానికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఈయనకు నిద్ర లేదు. ఎక్సెల్ షీటు వేసి నాకు చూపించారు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి జీతంలో పది శాతం మిగులుతుందట, ఇక్కడ అద్దెకు పోసే డబ్బుతో అక్కడ ఇల్లే వస్తుందట. "నలభై రెండేళ్లు వచ్చాయి, గోడకు మేకు కొట్టాలన్నా ఇంకా ఓనర్ని అడగాల్సిందేనా?" అంటారు. ఆ మాట వింటే నాకూ కష్టంగానే ఉంటుంది. ఆయన విజయవాడలో అద్దె ఇళ్లు మారుతూ పెరిగిన మనిషి.

కానీ నాకు ఇక్కణ్ణుంచి కదలాలని లేదు. పాప స్నేహితుల్లో ఒకమ్మాయి వాళ్లది కాబూల్, ఇంకో అమ్మాయి వాళ్లది మెక్సికో. రంజాన్‌కు పాప కాబూల్ అమ్మాయి ఇంటికి వెళుతుంది, సంక్రాంతికి వాళ్లొచ్చి అరిసెలు తింటారు. నా వార్డులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెద్ద నర్సులు నాకు దగ్గరుండి పని నేర్పారు. నొప్పి ఎక్కడ, ఎంతసేపట్నుంచి అని ఇప్పుడు స్పానిష్‌లో అడగగలను. పంజాబీ పెద్దాయనెవరైనా చేరితే, హిందీ వచ్చని నన్నే పిలుస్తారు. ఇదంతా చెబితే మావారు, "నీ వైవిధ్యం కేజీ ఎంత?" అని నవ్వుతారు. ఫ్రిస్కోలో ఊరంతా మనవాళ్లేననీ, అత్తయ్య వచ్చినా ఆవిడకు పొద్దు గడుస్తుందనీ అంటారు.

అక్కడ నాకు జీతం కొంచెం తగ్గుతుంది. ఇక్కడ గంటకు 88 డాలర్లు, అక్కడ కనుక్కుంటే 45 అన్నారు. సొంతిల్లు వస్తుంది కదా, సర్దుకోవాలంటారా? నాది మొండితనమా?

— ఫ్రీమాంట్ నుంచి ఒక సోదరి

సలహా

అమ్మా,

ఉత్తరంలోకల్లా పెద్ద సంగతిని చివర్లో, 'కొంచెం' అని చేర్చి వదిలేశారు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మీ నర్సులకు సాధారణంగా వారానికి పన్నెండేసి గంటల డ్యూటీలు మూడు ఉంటాయి. వారానికి 36 గంటలంటే ఏడాదికి 1,872. గంటకు 43 డాలర్ల తేడా వస్తే ఏడాదికి 80 వేల డాలర్ల పైమాట. దీన్ని కొంచెం అనరు తల్లీ. మీవారి ఎక్సెల్ షీటులో ఈ వరుస ఉందా? ఉత్తరాన్ని బట్టి చూస్తే లేనట్టుంది. ఆయన జీతం మారదు కాబట్టి ఇంటి ఆదాయమూ మారదని వేసుకున్నారు. ఆడవాళ్ల సంపాదనను చీరలకూ చిట్టీలకూ జమకట్టే అలవాటు మనది. అది సముద్రం దాటి మీ ఇంటిదాకా కూడా వచ్చినట్టుంది.

పది శాతం మిగులుతుందన్న మాట కూడా నిలవదు. కాలిఫోర్నియాలో 9.3 శాతం శ్లాబు ఉన్న మాట నిజమే. కానీ అది దంపతుల పన్ను ఆదాయంలో లక్షా నలభై వేల పైచిలుకు డాలర్లు దాటిన భాగానికే పడుతుంది. కింది భాగం మీద 1 శాతం నుంచి మెట్లుమెట్లుగా పెరుగుతుంది. టెక్సాస్ ఆ పన్ను వదిలేసి ఇంటి మీద వసూలు చేసుకుంటుంది. ఫ్రిస్కో వైపు ఆరున్నర లక్షల ఇంటికి స్కూళ్ల పన్ను, నగరం పన్ను, కౌంటీ పన్ను అన్నీ కలిపి ఏటా 10 వేల డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఇరవై శాతం ముందు కట్టి, మిగతా 5 లక్షల 20 వేలు ఆరున్నర శాతం వడ్డీకి ముప్పై ఏళ్లకు తీసుకున్నారనుకోండి. నెల వాయిదాయే 3,300 దాకా వస్తుంది. దానికి ఇంటి పన్ను కలిపితే నాలుగు వేలు దాటుతుంది. వడగళ్ల దెబ్బకు అక్కడ ఇంటి బీమా కూడా చౌక కాదు. వాయిదాలో కొంత అసలు కింద జమై మీ ఆస్తిగా మారుతుంది, అది కాదనను. కానీ అద్దె డబ్బుతోనే ఇల్లు వస్తుందన్నది మాత్రం గృహప్రవేశం భోజనాల దగ్గర వినబడే మాటే.

ఇక మీ రాష్ట్రం ఏమీ తక్కువది కాదు. కొత్తగా వచ్చినవాళ్ల మీద అది నిర్దాక్షిణ్యంగానే ఉంటుంది. 1978లో ప్రజలు ఓటేసి తెచ్చుకున్న 'ప్రొపొజిషన్ 13' ప్రకారం అక్కడ ఇంటి పన్ను కొన్న ధర మీద 1 శాతం, పైన స్థానిక బాండ్ల వసూళ్లు కొంత. అమ్మేదాకా ఆ లెక్కగట్టిన ధర ఏడాదికి 2 శాతం కంటే పెరగకూడదు. అందుకే ఎనభైల్లో కొన్న ముసలాయన, ఎదురిల్లు కొన్న కొత్త దంపతులు కట్టే పన్నులో చిన్న ముక్క కట్టి హాయిగా ఉంటాడు, ఇల్లు అమ్మాలని కూడా అనుకోడు. అమ్మేవాళ్లు తక్కువ, కొత్త కట్టడాలకు అనుమతులు కష్టం. ధర 15 లక్షలు ఎందుకవదు? కరెంటు సరేసరి, యూనిట్ 40 సెంట్ల చుట్టూ తిరుగుతోంది. 2018లో పారడైజ్ అనే ఊరు కార్చిచ్చులో తగలబడి 85 మంది పోయారు. ఆ తర్వాత కొండల వైపు ఇళ్లకు బీమా దొరకడమే గగనమైంది. (డాలస్‌ను చల్లని తల్లి అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో మంచుకు టెక్సాస్ కరెంటు వ్యవస్థ చతికిలబడి, జనం ఇళ్లలోనే గడ్డకట్టుకుపోయారు.)

కాబట్టి ఖరీదు విషయంలో మీవారి బాధ నిజమైనదే. ఆయన తప్పల్లా దానికి మందు ఫ్రిస్కోలోనే ఉందనుకోవడం.

ఇప్పుడు ఆ 'కేజీ ఎంత' ప్రశ్నకు వద్దాం. వేళాకోళంగా అడిగినా మంచి ప్రశ్న అడిగారు. కాలిఫోర్నియాలో ఏ జాతివాళ్లకూ మెజారిటీ లేదు. 2020 జనగణనలో లాటినోలు 39 శాతం, తెల్లవాళ్లు 35 శాతం లోపు. వియత్నాం బయట వియత్నామీలు అత్యధికంగా ఉన్న నగరం మీ పక్కనున్న శాన్‌హోసేనే. ఫ్రీమాంట్‌లో ఒక వీధి చుట్టుపక్కలను లిటిల్ కాబూల్ అంటారు. కానీ ఇదంతా మీ ఇంట్లో ఇద్దరికీ ఒకేలా అందలేదు. మీకు అది ఉద్యోగంలో ఉంది. చెయ్యి పట్టుకుని సెలైన్ ఎక్కించే దగ్గర, నైట్ డ్యూటీలో అన్నం పంచుకునే దగ్గర ఉంది. ఆయన ఆఫీసు టీములో తెలుగువాళ్లు, వాట్సాప్‌లో తెలుగువాళ్లు, శనివారం లివర్‌మోర్ గుడిలో కనిపించేదీ తెలుగువాళ్లే. ఆయనకు ఆ రాష్ట్రం నుంచి అందుతున్నది అద్దె రసీదూ, ట్రాఫిక్కూ మాత్రమే. ఎగతాళి చేయక ఏం చేస్తారు? ఆ కాబూల్ అమ్మాయి తండ్రితో ఆయన ఎప్పుడైనా కూర్చుని టీ తాగారా? ఈసారి రంజాన్‌కు పాపను దింపి రావడానికి మీరు వెళ్లకండి, ఆయన్ని పంపండి.

మీకూ ఒక మాట. ఫ్రిస్కో అంటే ఒకే రంగు మనుషుల ఊరన్న భయం మీ మనసులో ఉంటే తీసేయండి. అక్కడా రకరకాల జనం ఉన్నారు, హనుమంతుడి గుడీ ఉంది, పాప నెల తిరిగేసరికి స్నేహితుల్ని పోగేసుకుంటుంది. మీరు పోగొట్టుకునేది వేరే ఉంది, దాని ఊసు మీ ఉత్తరంలో లేకపోవడం నాకు ఆశ్చర్యం. కాలిఫోర్నియాలో ఒక నర్సు చేతికింద ఎంతమంది రోగులుండాలో చట్టం చెబుతుంది. 1999లో చేశారు, 2004 నుంచి అమల్లో ఉంది. మామూలు వార్డులో ఐదుగురికి మించకూడదు, ఐసీయూలో ఇద్దరికి మించకూడదు. టెక్సాస్‌లో అంకె కట్టిన చట్టం అలాంటిది లేదు, ఆసుపత్రి వేసుకునే కమిటీ చూసుకుంటుంది. సగం జీతానికి ఎక్కువమంది రోగుల్ని చూసి వచ్చే మనిషికి నాలుగు బెడ్‌రూముల ఇల్లు తుడుచుకునే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

మేకు కొట్టడం గురించి ఆయన అన్న మాట నన్నూ వదల్లేదు. ఆ నేల మీద మనవాళ్లకు అది పాత బాధ. స్వాతంత్ర్య యోధులు, మన దరిశి చెంచయ్య గారు బర్కిలీలో చదువుతూ గదర్ పార్టీలో చేరిన రోజుల్లో, 1913లో, పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్లు పొలం కొనకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు ఆ అర్హత లేదని తేల్చేసింది. పంజాబీ రైతులు అక్కడే పుట్టిన పిల్లల పేర్ల మీదా, నమ్మకస్తుల పేర్ల మీదా భూమి రాయించుకుని సేద్యం చేశారు. 1952లో గానీ ఆ చట్టాన్ని కోర్టు కొట్టేయలేదు. మీరు అంత మురిసిపోతున్న వైవిధ్యం అలా దెబ్బలు తిని నిలబడ్డది. అప్పుడు చట్టం అడ్డొచ్చింది, ఇప్పుడు ధర అడ్డొస్తోంది. ఇంటి కోరికను మగవాడి పంతమని కొట్టిపారేయకండి.

నన్నడిగితే, ఇల్లు కొనండి, రాష్ట్రం దాటకండి. ఆల్టమాంట్ కనుమ దాటితే ట్రేసీ, మౌంటెన్ హౌస్ ఉన్నాయి. అక్కడ తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. ట్రేసీ నుంచి శాన్‌హోసేకు రైలుంది. ఇంకా లోపలికి, శాక్రమెంటో వైపు ఫోల్సమ్, రోజ్‌విల్ దాకా వెళితే ధరలు ఫ్రిస్కోకు దగ్గరపడతాయి. మీ నర్సింగ్ చట్టం అక్కడా అదే, జీతం డాలస్ కంటే బాగా ఎక్కువ. ఎండ మండిపోతుంది, నిజమే, గుంటూరు వాళ్లకు నేను చెప్పాలా! ఆయనకు ప్రయాణం బాధ ఉంటుంది. వారంలో ఎన్ని రోజులు ఇంటినుంచి పనిచేయనిస్తారో మేనేజర్ని అడగమనండి. డాలస్ పంపడానికి ఒప్పుకున్న కంపెనీ దీనికి పూర్తిగా కాదనకపోవచ్చు.

ఆయన మాత్రం డాలసే అంటే, సంతకం పెట్టేముందు లాయరు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. పనిచేసే చోటు మరో మెట్రో ప్రాంతానికి మారితే ఆయన హెచ్-1బీ వీసాను సవరించాలి. గ్రీన్‌కార్డు కోసం వేసే లేబర్ సర్టిఫికేషన్ (పెర్మ్) పనిచేసే ప్రాంతానికే చెందినది కాబట్టి సాధారణంగా అదీ, దాని మీద వేసే ఐ-140 దరఖాస్తూ మళ్లీ మొదలవుతాయి. 2016 తేదీ చేతిలోనే ఉంటుంది గానీ, మీ ఈఏడీ ఆయన ఐ-140 మీద ఆధారపడింది, దాని రెన్యువల్ ఎప్పుడు పడుతుందో గట్టిగా అడగండి. ఆయనకు కంపెనీ షేర్లు ఇస్తుంటే ఇంకో మెలిక ఉంది. కాలిఫోర్నియాలో పనిచేసిన కాలానికి చెందిన వంతు మీద, టెక్సాస్ వెళ్లాక చేతికొచ్చినా, కాలిఫోర్నియా పన్ను వేస్తుంది. పాప కాలేజీ చర్చ ఇప్పుడే పెట్టకండి, రెండు రాష్ట్రాల్లోనూ మంచి యూనివర్సిటీలున్నాయి, రెండుచోట్లా స్థానికులకే ఫీజు తక్కువ.

ఆయన షీటు ఈ ఆదివారం తెరిపించి, మీ జీతం వరుస మీ చేత్తోనే టైపు చేయండి. ఒకవేళ టెక్సాస్ లైసెన్సు తీసుకునే రోజే వస్తే, కాలిఫోర్నియా లైసెన్సును మాత్రం ల్యాప్స్ కానివ్వకండి. రాష్ట్రాల మధ్య ఉన్న నర్సుల లైసెన్సు ఒప్పందంలో టెక్సాస్ ఉంది, కాలిఫోర్నియా లేదు కాబట్టి టెక్సాస్‌ది కాలిఫోర్నియాలో చెల్లదు. కాలిఫోర్నియాది నిలుపుకోవడానికి రెండేళ్లకోసారి 30 గంటల కోర్సులు, కొంత ఫీజు, అంతే.