భూకంపం ఎంత లోతున పుట్టింది?

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద నేల కదిలింది. జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం దాని పరిమాణం 5.3 అనీ, లోతు 40 కిలోమీటర్లనీ తెలిపింది. హైదరాబాదులో కూడా ప్రకంపనాలు తెలిశాయి. గోదావరి లోయకు ఇది కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర కూడా గట్టి భూకంపమే వచ్చింది. ఆ లోయ కింద ఎప్పటివో పాత పగుళ్ళున్నాయి.

భూమిలో రాయి మొదట జారిన చోటు నాభి. దానికి సరిగ్గా పైన నేలమీద ఉన్న చోటు అధికేంద్రం. సిద్దిపేట విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క చేయవచ్చు. సిద్దిపేట నుంచి ఆ అధికేంద్రం సుమారు 150 కిలోమీటర్లు. లోతు 40. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం కట్టండి. నాభి దూరం 155 కిలోమీటర్లు వస్తుంది. ప్రాథమిక తరంగాలు రాళ్ళలో సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు, ద్వితీయ తరంగాలు 3.5 కిలోమీటర్లు నడుస్తాయి. అంటే మొదటివి 26 సెకన్లకు, రెండవవి 44 సెకన్లకు చేరుతాయన్నమాట. నడుమ 18 సెకన్ల వ్యవధి! భూకంపలేఖిని గీసిన గీతలో ఈ వ్యవధిని కొలిచే శాస్త్రజ్ఞులు దూరం చెబుతారు. ఎక్కువ ఊపేవి రెండవ తరంగాలు. కనుక గిన్నెలు గలగలమనగానే బల్ల కిందికి దూరాలి. అధికేంద్రం దగ్గర మాత్రం ఈ వ్యవధి చాలా తక్కువ.

40 కిలోమీటర్లంటే చాలా లోతు అనిపిస్తుంది కదూ? శాస్త్రజ్ఞుల లెక్కలో 70 కిలోమీటర్ల లోపువన్నీ పైపైవే. 300 దాటితేనే లోతైనవి. 2013 మే 24న ఒఖోట్‌స్క్ సముద్రం కింద 609 కిలోమీటర్ల లోతున 8.3 పరిమాణంగల భూకంపం పుట్టింది. వేల కిలోమీటర్ల దూరాన మాస్కోలో కూడా అది తెలిసింది. అయినా పెద్ద నష్టం లేదు. తరంగాలు అంత దూరం పైకి వచ్చేసరికి శక్తి పలచబడిపోతుంది. అంత లోతున వేడికి, ఒత్తిడికి రాయి పగలడమే వింత. భూమిలోకి దిగిపోతున్న చల్లని ఫలకాలలోనే ఇవి పుడతాయి. అటువంటి ఫలకం మన తెలంగాణ కింద లేదు.

ఇప్పుడు 1993 సెప్టెంబరు 30ని చూడండి. మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన భూకంపం పరిమాణం 6.2 మాత్రమే. కాని నాభి నేలకు చాలా దగ్గర. తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా, మట్టితో కట్టిన బరువైన రాతిగోడలు కూలి వేలాదిమంది చనిపోయారు. ప్రాణాలు తీసింది ఆ గోడలే.

బడిలో ఉండగా నేల ఊగితే మెట్లవైపు పరుగెత్తకండి. తొక్కిసలాట భూకంపంకన్న ముందే ప్రాణం తీయగలదు. బెంచీ కింద ముడుచుకుని, తల కాపాడుకుంటూ, దాని కాలు గట్టిగా పట్టుకోండి. కిటికీ అద్దాలకు, బీరువాలకు దూరం జరగండి. మట్టిగోడల ఇంట్లో తలుపు పక్కనే ఉంటే మాత్రం వెంటనే బయటి ఖాళీస్థలంలోకి వెళ్ళడం మేలు. బయట ఉన్నవారు ప్రహరీలకు, కరెంటు తీగలకు ఎడంగా నిలబడాలి. ఊగడం ఆగాక వరుసగా బయటికి నడవండి. లిఫ్టు ఎక్కవద్దు. వెనువెంటనే మరికొన్ని చిన్న కుదుపులు రావచ్చు.

రేపు బడికి వెళ్ళగానే ఒక పని చేయండి. మీ తరగతి బెంచీల కింద ఎంతమంది పడతారో, గోడకు బిగించని బీరువాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మాస్టారికి చెప్పండి.