అంపైర్లు ఒకరి మాట ఒకరు ఎందుకు కాదనరు?



సాయంత్రం ఏడు గంటలు. "హోమ్‌వర్క్ అయ్యేదాకా ఫోన్ లేదు" అని అమ్మ గట్టిగా చెప్పింది. పిల్లవాడు ఐదు నిమిషాలు ఊరుకుని, అప్పుడే ఇంటికి వచ్చిన నాన్న పక్కన చేరాడు. "పోనీలే, పది నిమిషాలేగా, ఇవ్వు" అన్నారు నాన్న. పది నిమిషాల ఫోన్ వల్ల పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఆ రోజు పిల్లవాడు ఒక పాఠం నేర్చుకున్నాడు: అమ్మ కాదంటే నాన్న, నాన్న కాదంటే నానమ్మ!

ఇలాంటి చిక్కు బేస్‌బాల్ అంపైర్లకు రోజూ ఎదురవుతుంది. వాళ్లు దాన్ని ఎలా దాటుతారో చూద్దాం.

మైదానంలో పద్ధతి

అమెరికాలోని మేజర్ లీగ్ మ్యాచ్‌లో మామూలుగా నలుగురు అంపైర్లు ఉంటారు. బ్యాటర్ వెనక ఒకరు, మూడు బేస్‌ల దగ్గర ముగ్గురు. బంతి కొట్టిన బ్యాటర్ మొదటి బేస్‌కి పరుగెడతాడు. బంతి ముందు వచ్చిందా, అతని కాలు ముందు పడిందా? తేడా రెప్పపాటు. అక్కడున్న అంపైర్ కళ్లతో కాలిని చూస్తూ, బంతి గ్లవ్‌లో పడిన చప్పుడు వింటూ నిర్ణయం చెప్పాలి.

దూరం నుంచి చూసిన మరో అంపైర్‌కి అది తప్పనిపించినా అతను నోరు మెదపడు. ఒక అంపైర్ నిర్ణయాన్ని, ఆయన అడగకుండా, మరో అంపైర్ విమర్శించకూడదనీ, మార్చడానికి ప్రయత్నించకూడదనీ, జోక్యం చేసుకోకూడదనీ ఆట నియమావళిలోనే ఉంది.

అయితే, అడగడానికి తలుపు తెరిచే ఉంచారు. బ్యాటర్ బ్యాట్‌ను పూర్తిగా ఊపాడా, మధ్యలో ఆపేశాడా అన్నది వెనక నిలబడ్డ అంపైర్‌కి సరిగా కనబడకపోవచ్చు. అప్పుడాయన మొదటి బేస్ లేదా మూడో బేస్ అంపైర్‌ని అడుగుతాడు. వాళ్లు చెప్పిందే ఖాయం. అడిగినందుకు ఆయన గౌరవమేమీ తగ్గదు.

2010 నాటి ఒక పొరపాటు

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా అనే పిచర్ వరుసగా 26 మంది బ్యాటర్లను అవుట్ చేశాడు. 27వ వాడిని కూడా చేస్తే "పర్ఫెక్ట్ గేమ్". బేస్‌బాల్‌లో అది అరుదైన ఘనత. ఆ 27వ బ్యాటర్‌ని మొదటి బేస్ అంపైర్ జిమ్ జాయిస్ "సేఫ్" అన్నాడు. నిజానికి అతను అవుట్. తాను చూసిందే సరైనదని జాయిస్ నమ్మాడు. మిగతా అంపైర్లు ఆ నిర్ణయాన్ని మార్చలేదు.

మ్యాచ్ అయ్యాక వీడియో చూసిన జాయిస్, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకుని గలరాగాకి క్షమాపణ చెప్పాడు. మర్నాడు ఆటగాళ్ల జాబితాను అంపైర్‌కి అందించడానికి గలరాగానే వచ్చాడు. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ దాన్ని అందుకున్నాడు. ఇలాంటి నిర్ణయాలను వీడియోలో చూసి సరిదిద్దే పద్ధతి 2014లో వచ్చింది.

ఆ తప్పు వల్ల గలరాగాకి నష్టం జరిగింది, కాదనలేం. తోటివారిని గౌరవించే పద్ధతికి అప్పుడప్పుడు ఇలాంటి మూల్యం ఉంటుంది. అందుకే అడగడం, ఒప్పుకోవడం, సరిదిద్దుకోవడం కూడా ఆ పద్ధతిలో భాగం కావాలి.

మన ఇంట్లో

• ఒకరు నిర్ణయం చెప్పాక, రెండోవారు పిల్లల ఎదుట దాన్ని మార్చకండి. "అమ్మ ఏమంది?" అని ముందు అడగండి.

• మీకు అది తప్పనిపిస్తే, పిల్లలు లేనప్పుడు మాట్లాడుకోండి.

• సందేహం ఉంటే మీరే అడగండి. "ఏమండీ, నేను మరీ గట్టిగా అన్నానేమో, మీరేమంటారు?" అనడం బలహీనత కాదు.

• నిర్ణయం మార్చాల్సి వస్తే, చెప్పినవారే మార్చాలి. "నేను తొందరపడ్డాను" అని తల్లో తండ్రో చెబితే పిల్లల దృష్టిలో వారి విలువ పెరుగుతుంది.

• టీచర్ వేసిన మార్కుల మీద సందేహమా? "మీ మేడమ్‌కి ఏం తెలుసు" అని పిల్లల ముందు అనకండి. డైరీలో రాయండి, లేదా స్కూల్‌కి వచ్చి నేరుగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఒక్క హెచ్చరిక

ఈ పద్ధతి ఫోన్, ఆట సమయం, మార్కుల వంటి "ఇటో అటో" విషయాలకే. బేస్‌బాల్‌లో కూడా కంటితో చూసి చెప్పిన నిర్ణయం వేరు, నియమాన్నే తప్పుగా అమలు చేయడం వేరు. రెండోదాని మీద జట్టు మేనేజర్ అప్పీలు చేయవచ్చు. ఇంట్లోగానీ, బడిలోగానీ ఎవరైనా పిల్లల్ని కొడుతున్నా, అవమానిస్తున్నా, భయపెడుతున్నా, అడిగేదాకా ఆగకండి. వెంటనే అడ్డుపడండి.

పిల్లలతో మాట్లాడండి

1. గలరాగా స్థానంలో నువ్వుంటే మర్నాడు ఏం చేసేవాడివి? ఏం చేసేదానివి?

2. మేమిద్దరం వేర్వేరు మాటలు చెప్పినప్పుడు నీకెలా అనిపిస్తుంది?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబును మధ్యలో ఆపకుండా వినండి. ఇంట్లో జరిగే ఆటను అందరికంటే దగ్గర నుంచి చూసేది వాళ్లే.