పొలంలో పరీక్ష – పుస్తకంలో లెక్క

రాత్రి ఎనిమిది గంటలయింది. అన్నాలు తిని అందరూ బడి అరుగు మీద చేరారు. ఆ రోజు పొదుపు సంఘం సమావేశం. సంతకాలు అయ్యాయి. కిస్తులు కట్టడం అయింది. అప్పుడు సంఘం లీడరు ఒక కాగితం తీసి చదివింది.

"రసాయన మందులు తగ్గించి సేద్యం చేసే పద్ధతులు నేర్పుతారట. మన పొలాల్లోనే చేసి చూపిస్తారట. దానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందట."

వెనక కూర్చున్న పెద్దమ్మ అడిగింది. "గ్రాంటంటే ఏంది బిడ్డా? మల్ల వడ్డీతోని కట్టాల్నా?"

ఆమె పక్కనున్న అక్క అంది. "పరిశోధనలు చదువుకున్నోళ్లు చేస్తరు. మనకేం ఎరుక?"

ఇంకో చెల్లె అంది. "పట్టా మా ఆయన పేరు మీద ఉంది. నన్ను రైతని ఎవరంటరు?"

మూడూ మంచి ప్రశ్నలే. ఒక్కొక్కదానికి జవాబు చూద్దాం.

గ్రాంటు అంటే ఏమిటి?

అప్పు తీసుకుంటే తిరిగి కట్టాలి. వడ్డీ కూడా కట్టాలి. ఇది మనందరికీ తెలుసు.

సబ్సిడీ అంటే ధరలో కొంత భాగం ప్రభుత్వం భరిస్తుంది. మిగతాది మనం కడతాం.

గ్రాంటు వేరు. ఒక పని కోసం ఇచ్చే సొమ్ము అది. తిరిగి కట్టనక్కర లేదు. వడ్డీ లేదు. కానీ రెండు షరతులుంటాయి. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. ఎంత ఖర్చయింది, ఏం ఫలితం వచ్చింది, లెక్క చెప్పాలి.

ఈ సొమ్ము ఎక్కడిది? ఎవరి జేబులోదీ కాదు. మనం సబ్బు కొంటాం. అగ్గిపెట్టె కొంటాం. ఆ ధరలో పన్ను కలిసి ఉంటుంది. అలా ఊరూరా, ఇంటింటా కట్టిన పన్నులే ప్రభుత్వ ఖజానాకు చేరతాయి. అందుకే దాన్ని ప్రజాధనం అంటాం. కూలి చేసుకునే తల్లి కట్టిన పైసలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి గ్రాంటు ఎవరో పెట్టే భిక్ష కాదు. దాని లెక్క అడిగే హక్కు మనకుంది. చెప్పే బాధ్యత కూడా మనకుంది.

పరిశోధన ఎవరు చేస్తారు?

మన దేశంలో వ్యవసాయ పరిశోధనకు పెద్ద సంస్థ ఉంది. అది భారత వ్యవసాయ పరిశోధన మండలి. 1929లో ఏర్పడింది. ఇది ప్రభుత్వ సొమ్ముతో నడుస్తుంది. జిల్లాల్లో ఉండే కృషి విజ్ఞాన కేంద్రాలకు ఈ మండలే సొమ్ము ఇస్తుంది. మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో వచ్చింది. ఈ కేంద్రాల శాస్త్రవేత్తలు కొత్త విత్తనాన్ని, కొత్త పద్ధతిని రైతు పొలంలో వేసి చూస్తారు. రైతులకు శిక్షణ ఇస్తారు.

అయితే పరిశోధన శాస్త్రవేత్తల పని మాత్రమే కాదు. పునుకుల ఊరి సంగతి వినండి.

పునుకుల అప్పటి ఖమ్మం జిల్లాలోని ఊరు. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడ ప్రత్తి, మిరప వేసేవారు. పురుగుమందులు బాగా కొట్టేవారు. మందులు అప్పుగా తెచ్చేవారు. అప్పు ఇచ్చిన వ్యాపారికే పంట అమ్మాల్సి వచ్చేది. పంట పోయినా అప్పు పోయేది కాదు. మందు కొట్టి జబ్బు పడిన వారూ ఉన్నారు.

2000 ప్రాంతంలో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకు వచ్చారు. వేపగింజల కషాయం కొట్టారు. పురుగును పసిగట్టడానికి లింగాకర్షక బుట్టలు పెట్టారు. పొలం గట్టున ఎర పంటలు వేశారు. ఫలితం చూసి మిగతావారు కదిలారు. మహిళా సంఘాలు ముందు నిలిచాయి. వేపగింజలు ఏరారు. ఎండబెట్టారు. పొడి చేశారు. మందులు మళ్లీ ఊళ్లోకి రాకుండా కాపు కాశారు. 2004 నాటికి ఊరంతా పురుగుమందులు మానేసింది.

ఆ అనుభవం ఊళ్లోనే ఆగిపోలేదు. 2005 ప్రాంతంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే దారి పట్టింది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా, మహిళా సంఘాల చేతుల మీదుగా, పురుగుమందులు లేని సేద్యాన్ని ఊరూరికీ తీసుకుపోయింది. కొన్నేళ్లలోనే అది లక్షల ఎకరాలకు చేరింది. కొద్దిమంది తమ పొలంలో చేసి చూసిన పరీక్ష అంత దూరం పోయింది.

రైతు అంటే ఎవరు?

విత్తనం దాచేది ఎవరు? నాటు వేసేది ఎవరు? కలుపు తీసేది, ప్రత్తి ఏరేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లమే. కానీ "రైతు" అనగానే పట్టా ఎవరి పేరున ఉందని అడుగుతారు.

2007లో వచ్చిన జాతీయ రైతు విధానం ఈ మాటను సరిదిద్దింది. కౌలుదారులు, పాలికి చేసేవారు, వ్యవసాయ కూలీలు కూడా రైతులేనని చెప్పింది. 2011లో మహిళా కిసాన్ సశక్తీకరణ పరియోజన మొదలయింది. అది ఆడవాళ్లను రైతులుగా గుర్తించి, వారికి సేద్యంలో శిక్షణ ఇచ్చే పథకం. మొదట్లో చాలా రాష్ట్రాల్లో ఖర్చు 100 రూపాయలైతే 75 రూపాయల వరకు కేంద్రం గ్రాంటుగా ఇచ్చింది. సంఘాల ద్వారా వచ్చే ఇటువంటి శిక్షణలో పట్టా లేని ఆడవాళ్లు కూడా చేరవచ్చు.

2016లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం మొదలయింది. అక్కడ కూడా మహిళా సంఘాలే ఆధారం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దానికి అనుకున్న సొమ్ము 2,481 కోట్ల రూపాయలు. అందులో కేంద్రం వాటా 1,584 కోట్లు. రాష్ట్రాల వాటా 897 కోట్లు. కోటి మంది రైతులకు చేరాలని, ఊళ్లలో పనిచేయడానికి 30,000 మంది కృషి సఖులు, సాటి రైతులు ఉండాలని అనుకున్నారు. కృషి సఖి అంటే శిక్షణ పొంది, తోటి రైతులకు నేర్పే మన ఊరి ఆడమనిషే.

మన పరీక్ష ఎలా చేద్దాం?

కొత్త పద్ధతి అనగానే పొలమంతా మార్చవద్దు. ముందు చిన్న ముక్కలో చేసి చూడాలి.

1. ఒకే పొలంలో రెండు సమాన ముక్కలు కొలవాలి. నేల ఒకేలా ఉండాలి.

2. రెండింటిలో ఒకే విత్తనం, ఒకే రోజు వేయాలి. ఎరువు, నీరు, కలుపు తీత ఒకేలా ఉండాలి.

3. ఒక్కటే మార్చాలి. మొదటి ముక్కలో పాత మందు. రెండో ముక్కలో వేప కషాయం. రెండు మూడు సంగతులు ఒకేసారి మారిస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

4. వారానికి ఒకసారి రెండు ముక్కలూ చూడాలి. చెడ్డ పురుగులెన్ని, అక్షింతల పురుగు, సాలీడు వంటి మిత్ర పురుగులెన్ని, రాయాలి.

5. పంటను వేరువేరుగా తూకం వేయాలి. చూపు మేర చెప్పవద్దు.

వేప కషాయం ఇలా చేస్తారు. 5 కిలోల వేపగింజల పొడిని గుడ్డలో మూట కట్టాలి. 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిండాలి. 100 గ్రాముల సబ్బుపొడి కలపాలి. మొత్తం 100 లీటర్లు అయ్యేలా నీరు పోయాలి. వడకట్టి సాయంత్రం పూట కొట్టాలి.

లెక్క చేద్దాం

ఇవి నేర్చుకోవడానికి ఊహించిన అంకెలు. ఒక్కో ముక్క అర ఎకరం ప్రత్తి. ధర క్వింటాకు 7,000 రూపాయలు అనుకుందాం. మిగతా ఖర్చులు రెండింటికీ సమానం.

మొదటి ముక్క: పంట 4 క్వింటాళ్లు. వచ్చిన సొమ్ము 28,000. మందుల ఖర్చు 2,500. మిగిలింది 25,500 రూపాయలు.

రెండో ముక్క: పంట 3 క్వింటాళ్ల 80 కిలోలు. వచ్చిన సొమ్ము 26,600. కషాయం ఖర్చు 900. మిగిలింది 25,700 రూపాయలు.

పంట 20 కిలోలు తగ్గింది. అయినా 200 రూపాయలు ఎక్కువ మిగిలింది. కషాయమే మేలు అనిపిస్తుంది కదా?

ఆగండి. ఒక ఖర్చు రాయలేదు. వేపగింజలు ఏరింది ఎవరు? దంచింది ఎవరు? ఇంటి ఆడమనిషి రెండు రోజులు పని చేసింది. రోజుకు 300 చొప్పున 600 రూపాయల కూలి. అది కూడా రాస్తే రెండో ముక్కలో మిగిలేది 25,100. అంటే మొదటి ముక్క కంటే 400 తక్కువ.

మన కష్టం రాయకపోతే పద్ధతి చవకగా కనిపిస్తుంది. ఆ చవక అంతా మన రెక్కల మీద పడుతుంది. రాస్తే అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు మనం అడగగలం. "దంచడానికి మాకు రెండు రోజులు పడుతోంది. ఇదుగో లెక్క. గ్రాంటులో నూరే యంత్రం ఇవ్వండి." పునుకులలో కూడా తర్వాత వేపగింజలు పొడి చేసే యంత్రం వచ్చింది. నోటిమాట అధికారి వెళ్లగానే గాలికి పోతుంది. పుస్తకంలో రాసిన లెక్క నిలుస్తుంది.

ఇంకొక మాట. లెక్కకు రాని లాభమూ ఉంది. మందు కొట్టిన రోజు కళ్లు మండాయా? తల తిరిగిందా? అది కూడా పుస్తకంలో రాయాలి.

అడగాల్సిన ప్రశ్నలు

గ్రాంటు వస్తుందని ఎవరైనా చెబితే ఇవి అడగండి.

ఏ పథకం? మన ఊరికి ఎంత సొమ్ము? శిక్షణకు ఎంత, సామానుకు ఎంత? సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుంది? పంట తగ్గితే నష్టం ఎవరిది? ఫలితం మాకు ఎప్పుడు చెబుతారు?

జవాబు రాకపోతే గ్రామసభలో అడగండి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దాని ప్రకారం కాగితం మీద రాసి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర లేదు.

చదవకుండా, లెక్క చూడకుండా ఏ కాగితం మీదా సంతకం చేయవద్దు.

మళ్లీ బడి అరుగు దగ్గరికి వెళ్దాం. అంతా విన్న పెద్దమ్మ నవ్వింది. "ముప్ఫై ఏండ్ల సంది ఏ చేన్ల ఏం పండిందో నాకు నోటికెరుక. ఒక్కటి గూడ రాసుకోలే. ఆ పుస్తకం ఇటు తే బిడ్డా. మొదటి పేజీల నా పేరు నేనే రాస్త."

కొత్త మాటలు

గ్రాంటు – పని కోసం ఇచ్చే, తిరిగి కట్టనక్కర లేని సొమ్ము
ప్రజాధనం – ప్రజలు కట్టిన పన్నుల సొమ్ము
ఎర పంట – పురుగును తన వైపు లాగి అసలు పంటను కాపాడే పంట
లింగాకర్షక బుట్ట – వాసనతో మగ రెక్కల పురుగులను పట్టే బుట్ట

మాట్లాడుకోండి – రాయండి

1. అప్పుకు, గ్రాంటుకు తేడా ఏమిటి?

2. పరీక్ష చేసేటప్పుడు రెండు ముక్కల్లో ఏమేమి ఒకేలా ఉండాలి?

3. ఈ వారం మీ పొలంలో మీరు చేసిన పని, పట్టిన రోజులు రాయండి. కూలి కట్టి మొత్తం ఎంతో చెప్పండి.