ముహూర్తం ముందా, గ్రీన్‌కార్డు ముందా?

ప్రశ్న: అమెరికా పౌరుల భార్యలు త్వరగానే కాపురానికి వెళ్తున్నారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యలకు మాత్రం ఏళ్లు ఎందుకు పడుతోంది?

జవాబు: అమెరికా వలస చట్టం పౌరుడి భార్యను దగ్గరి బంధువుగా లెక్కిస్తుంది. ఆ వర్గానికి ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. కాగితాల పరిశీలనకు, ఇంటర్వ్యూకు పట్టే కాలమే ఆమె ఆగాల్సిన కాలం. గ్రీన్‌కార్డుదారు భార్యను చట్టం ఆ వరుసలో నిలబెట్టలేదు. ఆమెది ఎఫ్2ఎ అనే వర్గం. దీనికి ఏటా దక్కేవి సుమారు 87,900 వీసాలు. ప్రపంచంలోని గ్రీన్‌కార్డుదారులందరి భార్యలు, భర్తలు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు వీటినే పంచుకోవాలి. అడిగేవాళ్లు ఎక్కువైన కొద్దీ వరుస పెరుగుతుంది.

భార్య కోసం భర్త పెట్టే ఐ-130 దరఖాస్తు ఇమిగ్రేషన్ శాఖకు అందిన రోజే ఆమె ‘ప్రయారిటీ డేట్’. విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో ఎఫ్2ఎ దగ్గర ఒక తేదీ ఉంటుంది. అంతకంటే ముందు దరఖాస్తు అందినవాళ్లకే వీసా వస్తుంది. ఈ తేదీ ఎప్పుడూ ముందుకే నడవదు. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా ఎఫ్2ఎ ‘కరెంట్’గా ఉంది, అంటే వరుసే లేదు. 2023 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 2020 సెప్టెంబరుకు వెనక్కి వెళ్లింది. అప్పటికి కాగితాలన్నీ సిద్ధం చేసుకుని ఇంటర్వ్యూ కోసం చూస్తున్న జంటలకు తమ తప్పేమీ లేకుండానే మళ్లీ వరుసలో ఆగాల్సి వచ్చింది. అందువల్ల ఫలానా నెలకల్లా వీసా వచ్చేస్తుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకపోవడమే మంచిది.

భారతీయులకు ఇందులో ఒక ఊరట ఉంది. ఎఫ్2ఎ వీసాల్లో ముప్పాతిక వంతుకు దేశాలవారీ పరిమితి వర్తించదు. ఉద్యోగ వర్గాల్లో భారతీయులకు కనిపించే దశాబ్దాల వరుస ఇక్కడ లేదు. ఈ జవాబుల్లో భార్య అన్న చోటల్లా భర్తకూ అవే నియమాలు.

ప్రశ్న: అబ్బాయికి ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు రాబోతోంది. కార్డు వచ్చాక నిదానంగా పెళ్లి చేద్దామని పెద్దల ఆలోచన. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, అదీ చాలా పెద్దది. కార్డు చేతికొచ్చాక పిల్లను చూద్దామనుకోవడం తెలుగు కుటుంబాల్లో మామూలే. చట్టం దీన్ని తలకిందులు చేస్తుంది. ఉద్యోగ వర్గంలో గ్రీన్‌కార్డు వచ్చే వ్యక్తికి, ఆ కార్డు మంజూరయ్యే నాటికే పెళ్లయి ఉంటే, భార్య అతని దరఖాస్తులో భాగం. ఆమె అప్పుడు అమెరికాలో చట్టబద్ధంగా ఉంటే, తేదీ కూడా కరెంట్‌గా ఉంటే అక్కడే తన ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) దాఖలు చేసుకోవచ్చు. ఇండియాలో ఉంటే కార్డు వచ్చిన తర్వాత భర్త ఐ-824 అనే దరఖాస్తు పెడితే, అతని ప్రయారిటీ డేట్ మీదే ఆమెకు వలస వీసా ఇస్తారు. దీన్ని ‘ఫాలో టు జాయిన్’ అంటారు. భర్త కార్డు చెల్లుబాటులో ఉండి, వివాహబంధం కొనసాగుతున్నంతకాలం ఈ హక్కు పోదు. అయితే అతని ఉద్యోగ వర్గం తేదీ ఆలోగా వెనక్కి జరిగితే, అది మళ్లీ అతని డేట్‌ను దాటేదాకా ఆమె ఆగాలి.

పెళ్లి కార్డు మంజూరైన మర్నాడు జరిగినా సరే, ఆమె ఎఫ్2ఎ వరుసలోకి వెళ్లాల్సిందే. ఒక్కరోజు తేడాకు ఏళ్ల ఎడబాటు. నిశ్చితార్థం, తాంబూలాలు, ముద్రించిన శుభలేఖ ఇవేవీ చట్టం దృష్టిలో పెళ్లి కావు. కాబట్టి ఐ-485 పెండింగ్‌లో ఉండగా సంబంధం కుదిరితే మొదట చూడాల్సింది ముహూర్తం కన్నా ఆ ఫైలు ఏ దశలో ఉందన్నది. కుటుంబాలు అంగీకరిస్తే గుడిలో క్లుప్తంగా పెళ్లి జరిపి, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించి, ఆర్భాటం తర్వాత పెట్టుకోవచ్చు. అప్పుడు చట్టరీత్యా పెళ్లి తేదీ మొదటిదే. అన్ని ఫారాల్లోనూ అదే రాయాలి. రెండో వేడుక ఫొటోల గురించి అధికారి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునేవాళ్లు 30 రోజుల నోటీసు గడువునూ లెక్కలో పెట్టుకోవాలి.

ఇది నిజంగా పెళ్లి చేసుకోదలచిన జంటలకు చెప్పే మాట. వీసా కోసమే కాగితం మీద పెళ్లి నమోదు చేయించడం మోసం. అలా తేలితే ఆ వ్యక్తి కోసం తర్వాత ఎవరు ఏ వలస దరఖాస్తు పెట్టినా మంజూరు కాదు, ఆ నిషేధానికి గడువు లేదు.

ప్రశ్న: ఎఫ్2ఎ వరుసలో ఉన్న భార్య విజిటర్ వీసా మీద వెళ్లి భర్త దగ్గరే ఉండిపోవచ్చా?

జవాబు: ఉండిపోకూడదు. ముందు ఆ వీసా రావడమే కష్టం. ఆ వీసాకు నింపే డిఎస్-160 ఫారంలో ‘మీ కోసం ఎవరైనా వలస దరఖాస్తు పెట్టారా’ అన్న ప్రశ్న ఉంటుంది. నిజం రాస్తే, తిరిగి వస్తానని అధికారిని ఒప్పించాలి. అబద్ధం రాస్తే అది తర్వాత వలస వీసాకే అడ్డంకి అవుతుంది. ఎలాగో వెళ్లి గడువు దాటి ఉంటే ఇంకా నష్టం. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెనక్కొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు అమెరికా తలుపు మూసేస్తారు. ఇది 1996 చట్టం పెట్టిన నియమం. పౌరుల భార్యలకు గడువు దాటినా అమెరికాలోనే కార్డుకు దరఖాస్తు చేసుకునే మినహాయింపు ఉంది. ఎఫ్2ఎ వాళ్లకు అది లేదు. పక్కింటివాళ్ల కోడలు అలాగే ఉండిపోయిందన్న ఉదాహరణ అందుకే ప్రమాదకరం, ఆమె భర్త పౌరుడై ఉండవచ్చు.

స్టూడెంట్ వీసాకూ ఇదే చిక్కు, అక్కడా తిరిగి వచ్చే ఉద్దేశం చూపాలి. సొంత అర్హత మీద వచ్చే హెచ్-1బి ఉద్యోగ వీసా, లేదా తాను పనిచేసే కంపెనీ పంపే ఎల్-1 మాత్రం వేరు. ఐ-130 పెండింగ్‌లో ఉన్నా వీటికి అభ్యంతరం లేదు. చదువు, అనుభవం ఉన్న భార్యకు ఎదురుచూపు తగ్గించే సరైన దారి ఇదే. ఆమె ఆ హోదా తప్పకుండా ఉంటే, తేదీ వచ్చినప్పుడు అక్కడే ఐ-485 పెట్టుకోవచ్చు.

ప్రశ్న: భర్తకు రెండేళ్లలో పౌరసత్వం వస్తుంది. అప్పటిదాకా ఆగి ఒకేసారి దరఖాస్తు పెడితే సరిపోతుందా?

జవాబు: ఆగడం వల్ల లాభమేమీ లేదు. ఐ-130 ఇప్పుడే పెట్టాలి. భర్త పౌరుడైన రోజున ఆ దరఖాస్తే దగ్గరి బంధువు వర్గంలోకి మారుతుంది. కేసు ఏ కార్యాలయంలో ఉంటే అక్కడికి పౌరసత్వ పత్రం నకలు పంపితే చాలు, భార్యకు కొత్త దరఖాస్తు అక్కర్లేదు.

పిల్లల విషయంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎఫ్2ఎలో తల్లి దరఖాస్తు మీదే పిల్లలూ వెళ్లగలరు. తండ్రి పౌరుడు కాగానే ఆ సౌకర్యం పోతుంది, ఒక్కో బిడ్డకూ విడిగా ఐ-130 ఉండాలి. మొదటి నుంచీ విడివిడిగా పెట్టి ఉంచుకుంటే ఈ తడబాటు రాదు.

పౌరసత్వానికి ఐదేళ్ల నివాసం కావాలి. అందులో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద గడపాలి. ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు చేయవచ్చు. భార్య ఇక్కడ, భర్త అక్కడ ఉన్న కాపురంలో అతను తరచు రావాలనుకోవడం సహజం. ఒక్కో ప్రయాణం ఆరు నెలలు దాటకుండా చూసుకోవాలి, దాటితే నివాసం తెగిందన్న ప్రశ్న వస్తుంది. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు.

ప్రశ్న: భర్తది హెచ్-1బి, భార్యది అతని మీద ఆధారపడిన హెచ్-4 వీసా. ఇద్దరూ అమెరికాలోనే ఉన్నా గ్రీన్‌కార్డు కోసం పదేళ్లకు పైగా చూస్తున్నారు. ఈ ఆలస్యం ఎక్కడిది?

జవాబు: ఉద్యోగ వర్గాలన్నిటికీ కలిపి ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. ఒక దేశంలో పుట్టినవాళ్లకు మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. భార్యాబిడ్డలకు ఇచ్చే కార్డులూ ఇందులోవే. నలుగురున్న ఇంటికి నాలుగు పోతాయి. 2025లో చాలాకాలం ఇబి-2 అనే ఉద్యోగ వర్గంలో భారతీయుల తేదీ 2013 తొలి నెలల దగ్గరే ఉంది.

ఈ నియమంలో జాతీయతకు కాక పుట్టిన చోటుకే విలువ. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే జంట మొత్తం ఆ దేశం లెక్కలోకి వెళ్లవచ్చు. కడప, కరీంనగర్, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కో, దుబాయ్‌కో, సౌదీకో వెళ్లి స్థిరపడిన తల్లిదండ్రులకు అక్కడే పుట్టిన పిల్లలు ఎందరో. పాస్‌పోర్టు భారతీయమే అయినా పుట్టిన ఊరు కువైట్ అయితే ఆ జంటకు భారతీయుల వరుస అడ్డు రాదు. దశాబ్దం ఆదా చేసే ఈ విషయాన్ని ప్రతి జంటా మొదటిరోజే లాయరుతో చూసుకోవాలి.

భర్త కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు మంజూరైతే ఆరేళ్ల గడువు తర్వాతా హెచ్-1బిని మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఆ మంజూరుతోనే హెచ్-4 భార్యకు పని అనుమతి పత్రం, అంటే ఇఎడి, తీసుకునే హక్కు వస్తుంది. ఈ నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఉద్యోగం మాని వెళ్లి, ఇంట్లో కూర్చున్న ఎందరో స్త్రీలకు అది మళ్లీ జీతం, దాంతోపాటు ఆత్మగౌరవం తెచ్చిపెట్టింది. అయితే 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే పునరుద్ధరణ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువు తీరేలోగా కొత్త కార్డు రాకపోతే పని ఆపాల్సిందే. ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవడం తప్పనిసరి అనుకోవాలి.

ప్రశ్న: కాగితాల వల్ల జరిగే ఆలస్యాన్ని ఎలా తప్పించుకోవాలి?

జవాబు: తెలుగువాళ్ల ఫైళ్లలో ముందుగా సరిచూడాల్సింది పేర్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, వివాహ ధ్రువపత్రంలో చివరికి చేరుతుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే మరో తేడా. ఐ-130 పెట్టకముందే వీటన్నిటినీ పాస్‌పోర్టుకు సరిపోయేలా దిద్దుకోవాలి. పెళ్లికి ఆధారంగా సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చే ధ్రువపత్రమే కావాలి. గుడి రసీదు, శుభలేఖ దానికి తోడుగానే పనికొస్తాయి. జనన నమోదు లేనివాళ్లు మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి ‘నమోదు లభ్యం కాలేదు’ అన్న పత్రం తీసుకుని, బడి రికార్డులు జతచేయాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి.

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా వలస వీసా ఇంటర్వ్యూ ముంబైలో జరుగుతుంది. అక్కడ వీసాను ఆపి ఉంచే 221(జి) కాగితం చేతిలో పెడితే అది శాశ్వత తిరస్కారం కాదు. అడిగిన పత్రం అందించాకో, అదనపు పరిశీలన ముగిశాకో ఫైలు కదులుతుంది.

ప్రశ్న: అత్తింటివారు ‘ప్రాసెస్ నడుస్తోంది’ అంటూ ఏళ్లు గడిపేస్తున్నారు. దరఖాస్తు నిజంగా పెట్టారో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఐ-130 అందగానే ఇమిగ్రేషన్ శాఖ ఐ-797 రసీదు ఇస్తుంది. అందులో మూడు అక్షరాలతో మొదలయ్యే కేసు నంబరు ఉంటుంది. ఆ శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే స్థితి కనిపిస్తుంది, ఎవరినీ బతిమాలాల్సిన పనిలేదు. ఆ నంబరు అడగడం భార్య హక్కు. ఇవ్వడానికి నిరాకరించే భర్త అసలు దరఖాస్తే పెట్టలేదని అనుమానించడంలో తప్పు లేదు. వదిలేసిన ఎన్నారై భర్తలపై ఫిర్యాదులకు జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై విభాగం ఉంది. కేసు నంబరు ఎంతన్న ప్రశ్న తల్లిదండ్రులు సిగ్గుపడకుండా మొదటి ఆరు నెలల్లోనే అడగాలి.

ప్రశ్న: ఇంత ఆలస్యాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చా?

జవాబు: ఆలస్యం ఏ రకానిదో దాన్ని బట్టి ఉంటుంది. తేదీ కరెంట్ అయినా ఫైలు కదలకపోతే దాన్ని తేల్చమని అధికారులను ఆదేశించాలంటూ ఫెడరల్ కోర్టులో మాండమస్ పిటిషన్ వేయవచ్చు. అంతకుముందు స్థానిక కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయం ద్వారా వాకబు చేయించడం ఖర్చులేని పని. వీసాల సంఖ్య చాలక వచ్చే ఆలస్యానికి మాత్రం కోర్టు ఏమీ చేయలేదు, ఆ సంఖ్యను చట్టమే నిర్ణయించింది.

చట్టం తలచుకుంటే దారి ఇవ్వగలదని చెప్పడానికి 2000 డిసెంబరు 21న వచ్చిన లైఫ్ చట్టం సాక్ష్యం. అది వి-వీసాను తెచ్చింది. ఎఫ్2ఎ వరుసలో మూడేళ్లు నిండిన భార్యాబిడ్డలు అమెరికా వెళ్లి, కుటుంబంతో ఉంటూ, పని చేసుకుంటూ మిగతా కాలం ఎదురుచూడగలిగారు. కానీ ఆ రోజు వరకు పెట్టిన దరఖాస్తులకే దాన్ని పరిమితం చేశారు. ఆ తర్వాత పెళ్లయిన జంటలకు అలాంటి సడలింపు రాలేదు. పన్నులు కట్టి, చట్టాన్ని పాటించి వరుసలో నిలబడిన వాళ్లను ఆలుమగలుగా బతకనివ్వకపోవడం అన్యాయం. కొత్త సడలింపు ఇవ్వగలిగింది అమెరికా కాంగ్రెస్. అక్కడ పౌరసత్వం వచ్చి ఓటు సంపాదించుకున్న తెలుగువాళ్లు తమ ప్రతినిధులను కలిసినప్పుడు వి-వీసాను మళ్లీ తెరవమని అడగాలి.