ప్యాకెట్టులకు దారిచూపు పట్టిక

1972లో వచ్చిన పిన్‌కోడును గమనింపుడు. 522తో మొదలగు జాబు గుంటూరు వైపునకును, 523తో మొదలగునది ఒంగోలు వైపునకును వేరుపడును. త్రోవలపట్టిక గల స్విచ్చు ఐ.పి. ప్యాకెట్టుల నిట్లే పంపును. పట్టికలో 10.5కు నొక త్రోవయు, 10.5.2కు వేరొక త్రోవయు నున్నచో, 10.5.2.7 అను విలాసమునకు పోవు ప్యాకెట్టు రెండవదానినే పట్టును. ఏలయన మొదటినుండి ఎక్కువగా కలిసిన పద్దే ప్రమాణము. ఏదియు కలియనిచో సామాన్యమార్గమున పోవును. అదియు లేనిచో త్రోసివేయబడును.

రెండు స్విచ్చులు ఒకదానివైపొకటి చూపినచో, ప్యాకెట్టు వానినడుమ తిరుగాడును. మజిలీకొకటి చొప్పున తగ్గు ఆయుస్సంఖ్య సున్నయైనప్పుడే యా తిరుగుడు ముగియును.

కావున ప్యాకెట్టు చేరనిచో తీగను నిందింపకముందు పట్టికను చదివి, తప్పిన పద్దు నొక్కటినే దిద్దవలెను. తొందరపడి సామాన్యమార్గమును చెరిపినచో, ఒక గదికే గాక పాఠశాల కంతటికిని వెలిలోకము మూసికొనిపోవును.