అమ్మాయి సైన్స్ చదువు: ఏ మెట్టు దగ్గర ఏ స్కాలర్‌షిప్?
అంబాజీపేట మండల కుటుంబాల కోసం పాఠం

ఈ పాఠం ఎవరికి?

ఎనిమిదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా ఎక్కడైనా సైన్స్ చదువుతున్న అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకు. పెళ్లయి చదువు ఆపేసినవారికి కూడా. ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి చదవండి.

ముందుగా ఒక మాట. మార్కులు లేక ఆగిపోయే అమ్మాయిలు ఉన్నారు. మార్కులు ఉండి, డబ్బు వచ్చే దారి ఉండి, దరఖాస్తు సరైన సమయానికి పడక ఆగిపోయే అమ్మాయిలూ ఉన్నారు. ఈ పాఠం ఆ రెండోవాళ్ల కోసం. ప్రతి మెట్టుకీ ఒక తలుపు ఉంది. అది ఏడాదిలో కొన్ని వారాలే తెరుచుకుని ఉంటుంది.

సైన్స్ చదివితే మన ఊళ్లో పనేముంది?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వినపడుతుంది. జవాబు మన అంబాజీపేటలోనే ఉంది. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన ఉద్యాన పరిశోధన స్థానం ఇక్కడే ఉంది. సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి తోటల్ని పట్టినప్పుడు, ఆ దోమను చంపే శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి రైతులకు అందించింది ఈ కేంద్రమే. ఆ పనికి పురుగుల శాస్త్రం తెలిసినవాళ్లు కావాలి, సూక్ష్మజీవుల గురించి చదివినవాళ్లు కావాలి. జువాలజీ, బోటనీ, మైక్రోబయాలజీ అంటే పుస్తకంలో పేర్లు మాత్రమే కాదు. మన దింపు కార్మికుల, వలుపు కార్మికుల కూలి కూడా ఆ చదువు మీద ఆధారపడి ఉంది. చెట్టు బతికితేనే కదా కాయ, కాయ ఉంటేనే కదా కూలి.

మొదటి మెట్టు: ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా

నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లు పరీక్ష రాయాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల 50 వేలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఏటా 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. ఎనిమిదో తరగతిలో ఈ పరీక్ష తప్పిపోతే మళ్లీ రాసే వీలు లేదు. అందుకే బడి తెరవగానే హెడ్‌మాస్టర్ గారిని అడగండి.

తల్లికి వందనం. ఇది రాష్ట్ర పథకం. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకు ఏటా 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. పెద్దమ్మాయి ఇంటర్‌కి వచ్చింది కదా, ఇక రాదు అనుకోవద్దు. అర్హత ఉంటే ఇంటర్‌కీ వస్తుంది.

విజ్ఞాన్ జ్యోతి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2019 డిసెంబర్‌లో మొదలుపెట్టింది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి అమ్మాయిలను సైన్స్, ఇంజనీరింగ్ చదువుల వైపు నడిపించే కార్యక్రమం. దీన్ని నవోదయ విద్యాలయాల ద్వారా నడుపుతారు.

రెండో మెట్టు: డిప్లొమా, డిగ్రీ, ఇంజనీరింగ్

ఎక్కువ పథకాలు ఇక్కడే ఉన్నాయి. ఎక్కువ గందరగోళం కూడా ఇక్కడే.

ఒకటి: రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్, వసతి సాయం. విద్యా దీవెన, వసతి దీవెన అని మీకు తెలిసినవి ఇవే. ఇప్పుడు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పేరుతో ఉన్నాయి. కుటుంబ ఆదాయం 2 లక్షల 50 వేలలోపు ఉండాలి. ఫీజుకు ఒక భాగం, హాస్టల్, భోజనం ఖర్చుకు ఇంకో భాగం. ఖర్చుల భాగం వసతి దీవెనలో ఏటా ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీ ఆపైన 20,000గా పెట్టారు.

రెండు: ప్రగతి స్కాలర్‌షిప్. ఇది అమ్మాయిలకు మాత్రమే. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా లేదా ఇంజనీరింగ్ మొదటి ఏడాది చేరినవారికి. లేటరల్ ఎంట్రీ ద్వారా రెండో ఏడాదిలో చేరినా సరే. ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలలోపు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు.

మూడు: ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్. ఇంటర్ బోర్డులో పైనున్న ఒక శాతంలో మార్కులు వచ్చి, అదే ఏడాది బీఎస్సీలో గానీ ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీలో గానీ చేరినవారికి. ఏడాదికి 80,000. ఇందులో 60,000 ఖాతాలో పడుతుంది. మిగతా 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర ప్రాజెక్టు చేసినందుకు. ఆదాయ పరిమితి లేదు. అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరికీ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇన్‌స్పైర్ అన్ని బీఎస్సీలకూ రాదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బోటనీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, జియాలజీ లాంటి 18 మూల శాస్త్రాలకే. ఇంజనీరింగ్‌కి, ఎంబీబీఎస్‌కి, అగ్రికల్చర్ బీఎస్సీకి రాదు. బయోటెక్నాలజీ కూడా ఆ 18లో లేదు. గ్రూపు ఎంచుకోకముందే ఇది చూసుకోండి. చేరాక తెలిస్తే ఏమీ చేయలేం.

నాలుగు: కేంద్ర సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినవారికి. డిగ్రీలో ఏటా 12,000, పీజీలో 20,000. కుటుంబ ఆదాయం 4 లక్షల 50 వేలలోపు. సగం స్కాలర్‌షిప్‌లు అమ్మాయిలకే కేటాయించారు.

నాలుగూ పెట్టేద్దామా?

వద్దు. కేంద్ర పథకాల్లో చాలావాటికి నిబంధన ఒకటే: ఒకే చదువుకు రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు ఒకేసారి తీసుకోకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ముందు కాగితం మీద లెక్క వేయండి.

ఒక ఉదాహరణ. నాన్న దింపు పని చేస్తారు, ఆదాయం 2 లక్షల 50 వేలలోపు. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది, ఫీజు 45,000 అనుకుందాం. రాష్ట్ర పథకంలో ఫీజు 45,000, ఖర్చులకు 20,000, మొత్తం 65,000. ప్రగతిలో 50,000. ఈ ఇంటికి రాష్ట్ర పథకమే మేలు.

ఇంకో ఇల్లు. నాన్నకు చిన్న కొబ్బరి వ్యాపారం, ఆదాయం 4 లక్షలు. రాష్ట్ర పథకం రాదు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి అప్పు చేస్తారు. కానీ ఇంజనీరింగ్ అయితే ప్రగతికి, డిగ్రీ అయితే కేంద్ర సెక్టార్ స్కాలర్‌షిప్‌కి ఈ అమ్మాయి అర్హురాలే.

మూడో ఇల్లు. అమ్మాయికి బోర్డులో పై ఒక శాతం మార్కులు, ఫీజు తక్కువగా ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ. ఇక్కడ ఇన్‌స్పైర్ 60,000 ఎక్కువ. ఆ డబ్బు అమ్మాయి ఖాతాలోకే వస్తుంది.

మూడో మెట్టు: పీజీ, పీహెచ్‌డీ

ప్రైవేటు కాలేజీలో పీజీ చేరేముందు ఫీజు సాయం వర్తిస్తుందో లేదో సచివాలయంలో అడిగి చేరండి.

పీజీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. వయసు పరిమితిలో మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క కూతురు పీహెచ్‌డీ చేస్తుంటే యూజీసీ సావిత్రీబాయి ఫూలే ఫెలోషిప్ ఉంది.

పీహెచ్‌డీ మధ్యలో బిడ్డ పుడితే చదువు పోతుందని భయపడొద్దు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. పూర్తిచేయడానికి మహిళలకు అదనంగా రెండేళ్లు గడువూ ఇస్తారు.

పెళ్లయ్యాక ఆగిపోయినవాళ్లకి

1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత గారికి 15వ ఏట పెళ్లయింది. 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పాప. 1940లో ఆమె గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. ఆమెకు ఒక అండ ఉంది. తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసర్. ఆయనే సీటు కోసం మాట్లాడారు. అందరి నాన్నలూ ప్రొఫెసర్లు కారు కదా. ఆ అండ లేని ఇళ్లకి పథకమే అండ.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ కార్యక్రమం ఇందుకే ఉంది. ఇందులో వైజ్-పీహెచ్‌డీ 27 నుంచి 45 ఏళ్ల మహిళలకు. పీహెచ్‌డీ అయిపోయి పరిశోధనకు తిరిగి రావాలనుకునేవారికి వైజ్-పీడీఎఫ్, 60 ఏళ్ల దాకా. పేటెంట్ల పనిలో ఏడాది శిక్షణ ఇచ్చేది వైజ్-ఐపీఆర్. ఎంఎస్సీ చదివి ఇంట్లో ఉన్న కోడలు గానీ, వదిన గానీ ఉంటే ఈ పేరా ఆమెకు పంపండి.

దరఖాస్తు ఎక్కడ తప్పుతుంది?

1. పేరు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే ముందే సరిచేయించండి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చాలనుకుంటే, చదువు అయ్యేదాకా ఆగడం సులువు.

2. బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. డబ్బు పడాల్సిన ఖాతా ఇదేనని ఎన్‌పీసీఐలో నమోదు కావాలి. బ్యాంకులో "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయిందా?" అని ఆ మాటతోనే అడగండి.

3. ఫోన్. అమ్మ కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, ఆధార్‌కి ఇచ్చిన నంబరు పనిచేయకపోతే ఓటీపీ రాదు. అమ్మ సెలవుకి వచ్చినప్పుడే నంబరు మార్పించండి.

4. పోర్టల్. రాష్ట్ర పథకాలకు జ్ఞానభూమి. ప్రగతికి, కేంద్ర సెక్టార్‌కి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. ఇందులో ముందు ఒకసారి నమోదు చేసుకుంటే 14 అంకెల నంబరు వస్తుంది. చదువు అయ్యేదాకా అదే నంబరు, పోగొట్టుకోవద్దు. ఇన్‌స్పైర్‌కి వేరే వెబ్‌సైట్.

5. కాలేజీ ధ్రువీకరణ. మీరు సబ్మిట్ నొక్కగానే పని అయిపోదు. కాలేజీవాళ్లు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. వారం తర్వాత ఆఫీసుకి వెళ్లి "మాది వెరిఫై అయిందా సార్?" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

6. రెన్యువల్. మొదటి ఏడాది వచ్చిందని రెండో ఏడాది దానంతట అదే రాదు. ఏటా రెన్యువల్ చేయాలి.

ఈ వారం చేయాల్సిన పని

ఒక కవరులో ఇవి పెట్టండి: టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్, తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ, కుల పత్రాలు, బియ్యం కార్డు, బ్యాంకు పాస్‌బుక్, కాలేజీ అడ్మిషన్ కాగితం, ఫీజు రసీదు. కవరు పట్టుకుని మీ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుల్ని కలవండి. "మా అమ్మాయికి ఏ పథకం వస్తుంది, చివరి తేదీ ఎప్పుడు?" ఈ రెండూ అడిగి, ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. ఏ దరఖాస్తుకీ దళారికి డబ్బు ఇవ్వక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.