పిట్ట పేరు తెలియనివాళ్లను ముందు ఏం అడగాలి?

శాస్త్రవేత్తలు కానివాళ్లు చూసి, లెక్కపెట్టి, రాసి పంపే సమాచారంతో జరిగే పరిశోధనను సిటిజన్ సైన్స్ అంటారు. తెలుగులో పౌర విజ్ఞానం అనొచ్చు. మన దేశంలో ఇది బాగా సాగుతున్నది పిట్టల విషయంలో. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ఆధారం దాదాపు 30,000 మంది ఈబర్డ్ వెబ్‌సైటులో రాసిన 3 కోట్ల నమోదులు. పాలపిట్ట బాగా తగ్గిపోతోందని వాటివల్లే తేలింది. దసరానాడు కనబడితే మంచిదని తెలుగువాళ్లు వెతికే పిట్ట అది, తమిళంలో పనంగాడై. రాసేవాళ్లే లేని ఊళ్లో అది తగ్గినా లెక్కకు రాదు. అందుకే సేత్తూరులాంటి కొండ కింది ఊళ్లలో కొత్తవాళ్లు చేరాలి. చేరాలంటే సైటు వాళ్లకు అర్థం కావాలి కదా.

ఈబర్డ్‌ను 2002లో అమెరికాలో కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి. శాస్త్రానికి సాయం చెయ్యండి అని అడిగితే మొదట్లో జనం అంతగా రాలేదు. కొన్నేళ్లకు పద్ధతి మార్చారు. ఇప్పటిదాకా మీరు ఎన్ని రకాలు చూశారు, ఎక్కడ చూశారు అని ఎవరి లెక్క వాళ్లకే చూపించారు. అప్పుడు నమోదులు బాగా పెరిగాయి. మంచి మార్పే, కానీ అప్పటికే పిట్టలు తెలిసినవాళ్లకు.

తెలియనివాళ్ల ఇబ్బంది వేరు. సైటు పేర్ల జాబితా పెట్టి ఏది ఎన్ని అని అడుగుతుంది. పేరు రాకపోతే అక్కడే ఆగిపోతాం. అదే ప్రయోగశాలవాళ్ల మెర్లిన్ యాప్ ఇంకోలా అడుగుతుంది: ఎక్కడ చూశారు, ఎప్పుడు, ఎంత పెద్దది, ఏ రంగులు, ఏం చేస్తోంది? పేరు చివర్లో అదే చెబుతుంది. నన్నడిగితే సైటు మొదటి పేజీయే ఇలా ఉండాలి. కాకపోతే ఆ ప్రశ్నల్లో అమెరికా ఎక్కువ. సైజుకు రాబిన్ పిట్ట కొలత, తిండికి గింజల ఫీడరు! మనింట్లో ఫీడరెక్కడిది, కాకికి అన్నం పెట్టే పిట్టగోడ ఉంది. మనకు పిచ్చుకంత, గోరింకంత, కాకంత, కోడంత అంటే చాలు.

పేర్లూ అంతే. తీతువు అన్న పేరులో దాని కూత వినబడుతుంది. తమిళంలో అదే ఆళ్‌కాట్టి, అంటే మనిషిని చూపించేది. ఎవరైనా దగ్గరికొస్తే గోల చేస్తుంది మరి. చలికాలంలో మనవైపు వచ్చే పొన్నంగి పిట్ట తమిళంలో ఆరుమణి కురువి. పొద్దునా సాయంత్రం ఆరింటి ప్రాంతంలో కూస్తుందని ఆ పేరు. రెండు భాషల ఇళ్లవాళ్లం, మనకు ఒక్కో పిట్టకు రెండు ఆనవాళ్లు. వెతికే గడిలో ఏ పేరు కొట్టినా పిట్ట దొరకాలి. తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు రాని అవ్వల కోసం, నొక్కితే పేరు వినబడాలి కూడా. అవ్వకు తెలిసిన పేర్లు అక్కడుంటే ఆమె మనకన్నా ఎక్కువే రాయిస్తుంది.

ఇంకో చిక్కు. జాబితా పంపేముందు, గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా అని అడుగుతుంది. కొత్తవాళ్లు దాన్ని, అన్ని పిట్టల్నీ గుర్తుపట్టారా అని చదివి, లేదు అని నొక్కేస్తారు. సైటు అడిగేది తెలిసినవాటిలో దేన్నీ వదిలెయ్యలేదు కదా అని మాత్రమే. కాకిని కూడా రాయాలా అని వదిలేస్తే, ఆ రోజు కాకి లేదో మనం రాయలేదో పరిశోధకులకు తెలియదు. 100 పూర్తి జాబితాల్లో ఒకప్పుడు 80లో ఉన్న పిట్ట తర్వాత 50లోనే ఉందనుకోండి, తగ్గిందని అనుమానించేది అలాగే. కాబట్టి అక్కడ "కాకిని కూడా రాశారా?" అని అడిగితే అందరికీ అర్థమవుతుంది.

తమిళనాడులో 2015 నుంచి ఏటా పొంగల్ సెలవుల్లో పక్షుల లెక్క జరుగుతోంది. ఒకచోట 15 నిమిషాలు చూసి రాస్తే చాలు. సైటును మనం మార్చలేం, కాగితం మీద జాబితా తయారు చేసుకోవచ్చు. ఈ వ్యాసం కింద ఒక ఖాళీ కాగితం అంటించాను. మీ ఇంట్లో ఏ పిట్టను ఏమంటారో రాయండి, తమిళ పేరైనా సరే. పేరు తెలియకపోతే ఎంత ఉంది, ఏ రంగు, ఏం చేస్తోంది అని రాయండి. మేడంలు కూడా.